తెర అడుగున ఎనిమిది గళ్లు

పీచు పొగ అటు తిరిగింది, ఇటు జరగండర్రా. దోమలు కుట్టకుండా కూర్చుంటే టెర్మినళ్ల రోజుల ముచ్చట చెప్తాను.

మన పోర్ట్ బ్లెయిర్‌కి చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వచ్చింది 2020లో. మా రోజుల్లో కబురు శాటిలైటు మీద, సామాను ఓడ మీద. పుస్తకం కావాలన్నా, విడిభాగం కావాలన్నా ఓడ హడ్డో రేవుకి చేరేదాకా ఆగాల్సిందే. ఆఫీసులో ఒక యూనిక్స్ యంత్రం, దానికి తీగలతో కట్టిన టెర్మినళ్లు. మౌసూ లేదు, బొమ్మలూ లేవు. నల్లటి తెర మీద 24 వరసల అక్షరాలు, అంతే.

గుమాస్తాల్లో తెలుగువాళ్లు, తమిళులు, బెంగాలీలు, రాంచీ వాళ్లు అందరూ ఉండేవారు. ఎఫ్1 మీట ఏటి చేస్తుందో, ఎఫ్4 మీట ఏటి చేస్తుందో ఎవరికి గుర్తుంటుంది? అట్టముక్క మీద రాసి కీబోర్డుకి అంటించేవారు. ఈ ఉప్పుగాలికీ చెమ్మకీ నాలుగు నాళ్లలో సిరా కారిపోయేది. పైగా వేరే ప్రోగ్రాం తెరిస్తే ఆ రాత పనికిరాదు.

అందుకని ఏ మీట ఏ పని చేస్తుందో ఆ పేర్లు తెర మీదే చూపించేవాళ్లం. సీ భాషకి కర్సెస్ అనే లైబ్రరీ ఉంది కదా, అందులోనే ఆ ఏర్పాటు ఉంది. కొన్ని టెర్మినళ్లకి పేర్ల వరస సొంతంగానే ఉండేది, హెచ్‌పీ వాటికి ఉన్నట్టు. అది ఉంటే కర్సెస్ దాన్నే వాడుకుంటుంది. లేదంటే అట్టడుగు వరస తీసేసుకుంటుంది, మన పనికి 23 మిగులుతాయి. ఎనిమిది గళ్లు, గడికి ఎనిమిది అక్షరాలు. వాటిని మూడు-రెండు-మూడుగా పేర్చాలా, నాలుగు-నాలుగుగానా అన్నది తెర తెరవకముందే ఎస్ఎల్‌కే_ఇనిట్ అనే ఫంక్షన్‌తో చెప్పెయ్యాలి. ఆ తర్వాత ఎస్ఎల్‌కే_సెట్‌తో గడి నంబరూ పేరూ ఇస్తాం. పేరు గడిలో ఎటు ఉండాలో చెప్పడానికి ఇంకో అంకె: 0 అంటే ఎడమకి, 1 మధ్యకి, 2 కుడికి. అయినా రిఫ్రెష్ చేసేదాకా తెర మీద కనపడదు.

నాకు వీటన్నిటిలో ఇష్టమైనది ఎస్ఎల్‌కే_క్లియర్. పెద్ద రిపోర్టు అచ్చవుతున్నంతసేపూ ఏ మీటకీ పని లేదనుకోండి, పేర్లన్నీ చెరిపేసేవాణ్ణి. ఖాళీ వరస చూసి గుమాస్తా చెయ్యి తీసేవాడు. అచ్చు అవగానే ఎస్ఎల్‌కే_రిస్టోర్‌తో పేర్లు మళ్లీ వచ్చేవి. పని చెయ్యని మీటకి పేరు చూపించడం అంటే ఎదుటి మనిషికి అబద్ధం చెప్పడమే. నాకది ఎప్పుడూ సహించేది కాదు.

ఇంకోటుంది, ఎస్ఎల్‌కే_టచ్. మనది డీజిలు కరెంటు. ఉన్నట్టుండి పోయేది. యంత్రానికి బ్యాటరీ ఉంది గనక అది నడుస్తూనే ఉండేది, టెర్మినల్ మాత్రం ఆరిపోయి ఖాళీ తెరతో వెలిగేది. ప్రోగ్రాంకి ఆ సంగతి తెలీదు. పేర్లు అక్కడే ఉన్నాయనుకుని మళ్లీ రాయదు. టచ్ పిలిస్తే, ఈసారి రిఫ్రెష్‌కి అన్నీ కొత్తగా రాయాలని దానికి తెలుస్తుంది. మిగతా తెరకి వేరే ఆజ్ఞ ఉంది.

మీ లినక్స్‌లో ఉండే ఎన్‌కర్సెస్ ఇప్పటికీ ఇవన్నీ చేస్తుంది. 12 మీటలకి నాలుగు-నాలుగు-నాలుగు అమరిక కూడా చేర్చారు, గడికి అయిదక్షరాలే పడతాయి. పొద్దున్న నీ ల్యాప్‌టాప్ పట్టుకురా నాన్నా, ఒకటి రాసి చూద్దాం.