నీటి వయస్సు

విజయనగరమునకు సమీపమున నున్న రామతీర్థమునకు పోయినవారు గుడి చూచి మరలివత్తురు. కొండలెక్కు ఓపిక గలవారికి అక్కడ కాలము పొరలు పొరలుగా కనబడును. గురుభక్తకొండ మీద 1910-11లో అలెగ్జాండర్ రీ త్రవ్వించిన బౌద్ధారామపు ఇటుకలున్నవి. తూర్పు చాళుక్య విమలాదిత్యుని కాలపు శాసనమొకటి అతని గురువగు త్రికాలయోగి సిద్ధాంతదేవ మునిని పేర్కొనుచున్నది. అది పదునొకండవ శతాబ్ది మాట. ఇటుకకును అక్షరమునకును వయస్సు కట్టగలిగితిమి. మరి కొండ దిగువ బావిలోని నీటికో?

ఇది వేడుకకు వేసిన ప్రశ్న కాదు. అది నిరుటి వాననీరైనచో ఒక్క ఏడు వర్షము తప్పిన బావి అడుగంటును. వేయేండ్ల నాటిదైనచో మోటారు పెట్టి తోడినది మన మనుమల నాటికైనను తిరిగి రాదు.

నీటి వయస్సనగా అది నేలలోనికింకి గాలితో పొత్తు విడిచిన నాటినుండి గడచిన కాలము. కావున బోడికొండ మీది కొలనునకు ఈ లెక్క చెల్లదు.

ఈ లెక్కకు మొదటి గడియారము ట్రిటియము. వాననీటిలో లేశమాత్రముగా నుండు ఈ హైడ్రోజను 12.3 సంవత్సరములకు సగమగును. దీనితో నీటి వయస్సు కట్టవచ్చునని 1950 దశకములో చూపినవారిలో విల్లర్డ్ లిబ్బీ ముఖ్యుడు. అంతలో హైడ్రోజను బాంబుల పరీక్షలు వచ్చిపడినవి. 1963 ప్రాంతమున ఉత్తరార్ధగోళపు వానలలో ట్రిటియము వందల రెట్లు పెరిగినది. ఆ బాంబులు మానవునికి చేసిన ఉపకారమేదైన నున్నచో ఇదియొక్కటే: నేలలో ఆ ఏటి వాన గురుతుపడినది. నేడది ముప్పదిరెండవ వంతునకు తరిగినది. అయినను ట్రిటియము క్షయించి హీలియము-3 యగును గనుక రెంటిని కలిపి కొలిచి లెక్క తేల్చెదరు. ప్రాచీన జలములకు 5730 ఏండ్ల అర్ధాయువు గల కార్బన్-14 కలదు. సున్నపురాయి కరగిన చోట అది నీటిని ఉన్నదానికన్న ముసలిదిగా చూపును.

కొండప్రాంతములలో చిక్కు మరియొకటి. తూర్పు కనుమల ఖోండలైటు రాయి పైన శిథిలమై మెత్తబడి యుండును, క్రింద పగుళ్లు. నిన్నటి వాన, తాతల నాటి ఊట ఒకే బావిలో కలియును. వచ్చిన అంకె సగటు మాత్రమే. రెండేండ్ల నీరు, అరువదేండ్ల నీరు సమముగా కలిసినను ఆ రెంటి నడిమి అంకె యొక్కటియే చెప్పును.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ప్రకృతి గురుతునకై వేచియుండక, వానలకు ముందు వేళ్లకు దిగువగా కొంచెము ట్రిటియము చొప్పించి, వానలు వెలిసిన పిదప మట్టి తీసి, అది ఎంత లోతు దిగినదో కొలిచినారు. ఆ యేటి వానలో నేల త్రాగినదెంతో దానినిబట్టి తెలిసినది.