ఎస్‌ఎఫ్‌టీపీ: ఆరు పంక్తులకు వ్యాఖ్యానం

పాత కంప్యూటర్ మీదో, రాస్ప్‌బెర్రీ పై మీదో లినక్స్ వేసి ఇంటి ఫొటోలూ పొలం కాగితాల స్కాన్‌లూ అందులో దాచుకునేవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలోనూ ఉన్నారు. డాలస్‌లో ఉన్న అమ్మాయి అక్కణ్ణుంచే ఫైళ్లు పంపుకోవాలి, తీసుకోవాలి. మరొకరు లోపలికి రాకూడదు. ఇందుకు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ సెట్టింగుల ఫైల్లో ఆరు పంక్తులు చాలు. వాటిలో ఎక్కువ భాగం ఇచ్చేవి కావు, లోపలికి వచ్చినవారి చేతిలోంచి ఏదో ఒక అధికారాన్ని తీసేసేవి. అలా చదివితేనే వాటి పని అర్థమవుతుంది.

సబ్‌సిస్టమ్ ఎస్‌ఎఫ్‌టీపీ ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ

పాత ఎఫ్‌టీపీకి తాళం వేస్తే ఎస్‌ఎఫ్‌టీపీ అయిందని చాలామంది అనుకుంటారు. కాదు. ఎఫ్‌టీపీని 1971లో ఎంఐటీలో రూపొందించినవాడు అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి. అందులో పాస్‌వర్డు ఉన్నదున్నట్టుగా నెట్‌వర్క్ మీద వెళ్తుంది. 1995లో హెల్సింకి యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో అలా వెళ్లే పాస్‌వర్డులను ఎవరో కాజేశాక, అక్కడి తాతు యూలొనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఎస్‌ఎఫ్‌టీపీ ఆ ఎస్‌ఎస్‌హెచ్ లోపల నడిచే వేరే ప్రోటోకాల్. పోర్టు 22 ఒక్కటి తెరిస్తే సరిపోతుంది. ఇక ‘ఇంటర్నల్’ అంటే ఫైళ్లు పంపే పనిని సర్వర్ ప్రోగ్రామే చేసుకుంటుంది, మరో ప్రోగ్రామును పిలవదు. దీని అవసరం నాలుగో పంక్తిలో తెలుస్తుంది.

పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో

పోర్టు తెరిచిన కొద్దిసేపటికే ఎక్కడెక్కడి యంత్రాలో ‘రూట్’, ‘అడ్మిన్’ పేర్లతో పాస్‌వర్డులు వేసి చూడటం లాగ్‌లో కనిపిస్తుంది. ఈ పంక్తితో ఆ దారి మూసుకుపోతుంది. అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో ఈడీ25519 రకం కీల జత తయారుచేసుకుని, పబ్లిక్ కీ మాత్రం మీకు పంపుతుంది. అది వాట్సాప్‌లో వచ్చినా ఇబ్బంది లేదు. ప్రైవేట్ కీ ఆ ల్యాప్‌టాప్ దాటి రాకూడదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఉబుంటులో ఈ ఫైలు మొదట్లోనే పక్క ఫోల్డర్లోని చిన్న ఫైళ్లను చదివే పంక్తి ఉంటుంది. ఒకే సెట్టింగు రెండుచోట్ల ఉంటే ముందు చదివిందే చెల్లుతుంది. ఆ చిన్న ఫైళ్లలో ఎక్కడైనా ‘ఎస్’ అని ఉంటే, మీరు కింద రాసిన ‘నో’ పనిచేయదు. అందుకని ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ’ని పెద్ద టీతో నడిపి, చివరికి ఏది అమల్లో ఉందో చూడండి.

మ్యాచ్ గ్రూప్ ఫైల్స్

దీని కింద రాసినవన్నీ ‘ఫైల్స్’ గ్రూపువాళ్లకే వర్తిస్తాయి. అందుకే ఫైలు చివర్లో పెట్టాలి.

సీహెచ్‌రూట్ డైరెక్టరీ /డేటా/ఇల్లు

ఆరింటిలో బలమైన పంక్తి ఇదే, సతాయించేదీ ఇదే. లోపలికి వచ్చినవారికి ఈ ఫోల్డరే డిస్కు మొత్తంలా కనిపిస్తుంది, పైకి వెళ్లే దారి ఉండదు. విడి ప్రోగ్రామైతే దాన్నీ, దాని లైబ్రరీలనూ ఈ ఫోల్డర్లోకే తెచ్చిపెట్టాల్సి వచ్చేది. ‘ఇంటర్నల్’ వల్ల ఆ బాధ తప్పింది.

షరతు ఏమిటంటే, ఈ ఫోల్డరూ దీనికి పైనున్న ఫోల్డర్లన్నీ రూట్ యూజర్ పేరునే ఉండాలి, రాసే అనుమతి మరెవరికీ ఉండకూడదు. అమ్మాయి ఫైళ్లు పెట్టాలి కదా అని ఈ ఫోల్డర్నే ఆమె పేరు మీదికి మారిస్తే, కీ సరిగ్గా ఉన్నా కనెక్షన్ వెంటనే తెగిపోతుంది. ఆమె స్క్రీన్ మీద కారణం కనపడదు. సర్వర్ లాగ్‌లో మాత్రం ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని ఉంటుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి పంక్తినే తీసేస్తారు. దయచేసి తీసేయకండి. లోపల ‘ఫొటోలు’ అని ఇంకో ఫోల్డర్ చేసి, దాన్ని మాత్రం ఆమె పేరు మీద పెట్టండి.

ఫోర్స్ కమాండ్ ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ

ఫైళ్ల పని తప్ప మరే కమాండ్ అడిగినా నడవదు.

అలౌ టీసీపీ ఫార్వర్డింగ్ నో

పై పంక్తి ఉంది కదా అని దీన్ని వదిలేస్తారు. కమాండ్ ఏదీ అడగకుండా, కనెక్షన్ మాత్రం పెట్టుకుని, దాని గుండా ఇంట్లోని వేరే పరికరాలకు దారి తీసుకోవచ్చు. రౌటర్ అడ్మిన్ పేజీ, సీసీటీవీ రికార్డర్ అన్నీ అందుబాటులోకి వస్తాయి. అమ్మాయి అలా చేయదు. ఆమె ల్యాప్‌టాప్ పోయి, కీ మరొకరి చేతిలో పడితే వాళ్లు చేస్తారు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బయటినుంచి కనెక్షన్ రాకపోతే, రౌటర్ పేజీలో వాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, మీ ఇంటర్నెట్ కంపెనీ చాలా ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ ఐపీ వాడుతోందని లెక్క. అప్పుడు రౌటర్లో పోర్టు ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు పెట్టినా ఫలితం ఉండదు. పబ్లిక్ ఐపీ అడిగి తీసుకోవాలి, లేదంటే వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకోవాలి.

మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు సర్వర్ ఫింగర్‌ప్రింట్ చూపించి ‘ఎస్’ కొట్టమంటుంది. చూడకుండా కొట్టేయడమే అందరికీ అలవాటు. సర్వర్లో అదే ఫింగర్‌ప్రింట్ తీసి, ఫోన్లో అమ్మాయికి చదివి వినిపించండి.

చివరగా, ఇంటి వైఫై మీద కాకుండా మొబైల్ డేటా మీద పరీక్షించండి. ఫైలు వెళ్లిందా అన్నది సగం పరీక్షే. అదే అకౌంటుతో, అదే కీతో మామూలు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ ప్రయత్నించండి. ‘దిస్ సర్వీస్ అలౌస్ ఎస్‌ఎఫ్‌టీపీ కనెక్షన్స్ ఓన్లీ’ అని చెప్పి కనెక్షన్ మూసుకుపోతే, అయిదో పంక్తి పనిచేస్తున్నట్టే.