గొట్టం వెంట పుట్టిన ఊళ్ళు
(రేడియో ప్రసంగ పాఠం)

సౌదీ అనగానే మనవాళ్ళకి రియాద్, జెద్దా, దమ్మాం గుర్తొస్తాయి. ఈవేళ నేను చెప్పబోయే పేర్లు మీలో చాలామంది విని ఉండరు. ఖైసూమా, రఫ్హా, అర్అర్, తురైఫ్. దేశానికి ఉత్తరాన, చాలా దూరం ఇరాక్ సరిహద్దు వెంబడే, ఒకే దారానికి గుచ్చిన పూసల్లా ఉంటాయి. దమ్మాంలో ఓ ఆఫీసులో లెక్కలు రాసుకుంటూ ఏళ్ళ తరబడి నేనూ వాటి సంగతి పట్టించుకోలేదు. ఒక ఫోన్ వచ్చేదాకా.

ఆ ఫోన్ సంగతి తరవాత. ముందు ఆ దారం ఏమిటో చెప్తాను.

1938లో దహ్రాన్ దగ్గర ఏడో నంబరు బావిలో చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక యూరప్‌కి ఆ చమురు కావలసి వచ్చింది. ఓడలేమో అరేబియా అంతా చుట్టి, సూయెజ్ కాలువలో సుంకం కట్టుకుని పోవాలి. ఆ బాధ లేకుండా ఎడారికి అడ్డంగా మధ్యధరా సముద్రం దాకా గొట్టం వేద్దామని అమెరికన్ చమురు కంపెనీలు 1945లో ట్రాన్స్ అరేబియన్ పైప్‌లైన్ కంపెనీ పెట్టాయి. అందరూ ట్యాప్‌లైన్ అంటారు. 1950 చివరికి లెబనాన్‌లోని సైదా రేవుకి చమురు చేరింది. ఖైసూమా నుంచి అక్కడికి 1,200 కిలోమీటర్ల పైచిలుకు.

ఇందులో నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. గొట్టాలు కొన్ని 30 అంగుళాలవి, కొన్ని 31 అంగుళాలవి చేయించారు. ఎందుకంటే ఓడలో ఒకదాంట్లో ఒకటి దూర్చి తేవచ్చని! మన ఇళ్ళలో గిన్నెలు సర్దుకున్నట్టే.

చమురు తనంతట తాను అంత దూరం పోదు కదా, తొయ్యాలి. అందుకని మధ్య మధ్య పంపింగ్ స్టేషన్లు కట్టారు: ఖైసూమా, రఫ్హా, బదనా, తురైఫ్. స్టేషన్ అంటే యంత్రాలు, పనివాళ్ళకి ఇళ్ళు, ఒక ఆసుపత్రి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్ళ బావులు. అంతవరకు వాన ఎక్కడ పడితే అక్కడికి మందలు తోలుకుపోయే బదూలకి మండు వేసవిలో కూడా ఒకే చోట నీళ్ళు దొరికాయి. గుడారాలు వేశారు. గుడారాల పక్కన ఇళ్ళు లేచాయి, తరవాత దుకాణాలు, బడి, సర్కారు కచేరీ. నా మట్టుకు నాకు ఆ ఊళ్ళని పుట్టించింది చమురు కాదు, నీళ్ళే అనిపిస్తుంది.

ఇక పేర్లు. అమెరికాలో, కెనడాలో రైలు పట్టాల వెంట పుట్టిన ఊళ్ళకి ఎందరో కంపెనీ పెద్దల పేర్లు పడ్డాయి. ఇక్కడ అలా జరగలేదు. ఖైసూం అంటే ఎడారిలో మొలిచే ఓ వాసన మొక్క. అర్అర్ అంటే అరబ్బీలో ఒక చెట్టు పేరు. బదనా స్టేషన్ పక్కన పెరిగిన ఊరికి ఈ చెట్టు పేరే నిలిచింది. ఇప్పుడది ఉత్తర సరిహద్దు రాష్ట్రానికి రాజధాని. మన గోదావరిఖని వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. ఊరి పేరులోనే ఖని ఉంది, పైగా ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అని గని నంబరుతో ఒక పేటే ఉంది!

ఇప్పుడు ఆ ఫోన్. ఒక శుక్రవారం పొద్దున ఎవరిదో నంబరు నుంచి ఒక కుర్రవాడు మాట్లాడాడు. జగిత్యాల వైపు అబ్బాయి. ఇంటి పని అని చెప్పి తెచ్చి, ఎడారిలో గొర్రెల వెంట పెట్టారు. నాలుగు నెలలుగా జీతం లేదు. లారీ డ్రైవర్‌ని బతిమాలి ఫోన్ అడుక్కున్నాడు.

"ఎక్కడున్నావు తమ్ముడూ?"

"ఏడున్ననో నాకే తెల్వదన్నా. పెద్ద ఇనుప గొట్టం ఉన్నది. నేల మీదికెళ్ళే పోతది. ఈ డ్రైవర్ 'మహత్తా' అంటుండు."

మహత్తా అంటే నేను పెట్రోలు బంకు అనుకున్నాను. ఆ దేశంలో బంకులు ఎన్ని వేలో! మా ఆఫీసులో ఓ పెద్దాయన, సూడాన్ మనిషి, మర్నాడు విని నవ్వాడు. ఉత్తరాదిలో పాతకాలం డ్రైవర్లు మహత్తా అంటే ట్యాప్‌లైన్ స్టేషనట. నేల మీద గొట్టం కనపడుతుందంటే ఇంకేం సందేహం అన్నాడు. అదే నంబరుకి మళ్ళీ చేస్తే డ్రైవర్ రఫ్హా దాటి అర్అర్ దారిలో అని చెప్పాడు. రాయబార కార్యాలయానికి రాసే ఉత్తరంలో ఊరి పేరు అనే గడి అప్పుడు నింపగలిగాను. అబ్బాయి ఇల్లు చేరడానికి మరో మూడు నెలలు పట్టింది. జీతం మాత్రం రాలేదు.

గొట్టంలో చమురు అప్పటికే ఎన్నడో ఆగిపోయింది. లెబనాన్ వైపు ముందే ఆగింది, గల్ఫ్ సంక్షోభంతో 1990లో జోర్డాన్‌కీ ఆపేశారు. సౌదీ ప్రభుత్వం 2020లో ఆ గొట్టాన్ని పారిశ్రామిక వారసత్వంగా నమోదు చేసింది. ఊళ్ళు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

ఆ మధ్య జగిత్యాల వెళ్ళినప్పుడు వాళ్ళింటికి పోయాను. వాళ్ళమ్మకి రఫ్హా, అర్అర్ నోరు తిరగలేదు. "మా పోరడు గొట్టపూర్ల ఉండె బిడ్డా" అంది.