సర్పగంధి చరిత్రలో గుండె లయ: జాలరిపేట నుండి ఒక పరిశీలన

విశాఖపట్నంలోని పెద జాలరిపేట నుండి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి నడిచి వెళ్ళవచ్చు. 19వ శతాబ్దపు మద్రాసు ప్రెసిడెన్సీలో నెలకొన్న మూడు పిచ్చాసుపత్రులలో వాల్తేరుది ఒకటి. తక్కిన రెండూ మద్రాసు, కాలికట్ నగరాలలో ఉండేవి. అయినంత మాత్రాన జాలరి కుటుంబంలో ఒకరికి మతి చలిస్తే తొలి అడుగు ఆ గేటు వైపే పడిందని భావించనక్కరలేదు. ఇక్కడి జాలరుల జీవితాన్ని పరిశోధించిన మానవశాస్త్రవేత్త ఛార్ల్స్ నకోల్స్ 1996లో ప్రచురించిన గ్రంథంలో, వారు వ్యాధిని కుటుంబ కలహాల వల్ల కలిగిన అమ్మవారి ఆగ్రహంగా అర్థం చేసుకొనే తీరును విశ్లేషించాడు. అమ్మవారిని శాంతింపజేయడం, వేరుమందు, ఆసుపత్రి: ఒకే రోగి ఈ మూడు దారులలోనూ నడవగలడు. ప్రస్తుత వ్యాసం రెండవ దారిలోని ఒక వేరుకు సంబంధించినది.

సర్పగంధి తూర్పు కనుమలలోనూ పెరిగే చిన్న మొక్క. తెలుగులో దీనికి పాతాళగరుడ అనే పేరు కూడా ఉంది. సంస్కృత నిఘంటువులలో పాతాళగరుడి అంటే మన దూసరతీగ! ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' పేరిట తెలుగు జిల్లాల మొక్కల పేర్లను పట్టికగా కూర్చింది ఇటువంటి చిక్కులను విడదీయడానికే కాబోలు. మందుల విషయంలో పేరు తప్పితే మొక్క తప్పుతుంది.

బీహారులో 'పాగల్ కీ దవా'గా అమ్ముడుపోయిన ఈ వేరు 1931లో రెండు చోట్ల శాస్త్రసాహిత్యంలోకి ప్రవేశించింది. గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్‌లు తమ వ్యాస శీర్షికలోనే దీనిని ఉన్మాదానికీ అధిక రక్తపోటుకూ మందుగా పేర్కొన్నారు. అదే ఏడు ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీలు దీని నుండి వేరుచేసిన ఒక ఆల్కలాయిడుకు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీదుగా అజ్మలిన్ అని నామకరణం చేశారు. 1949లో రుస్తుం జల్ వకీల్ రక్తపోటు రోగులపై తన అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండులో రిసర్పిన్ వెలువడింది. మనోరోగ చికిత్స చరిత్రకారులు సాధారణంగా ఈ కథను మెదడు మందు పుట్టుకగా చెబుతారు. సేన్, బోస్‌ల శీర్షికలోని రెండవ సగాన్ని వారు తేలికగా దాటిపోయారని నా అభిప్రాయం.

రిసర్పిన్ నాడీకొనలలో నోరెపినెఫ్రిన్ వంటి ద్రవ్యాల నిల్వలను ఖాళీ చేస్తుంది. ఆ ఖాళీ మనస్సులో నెమ్మదిగా, ఒక్కొక్కప్పుడు తీవ్ర విషాదంగా కనిపిస్తుంది. గుండెలో నాడి మందగించడంగా బయటపడుతుంది. ఫలితం, దుష్ఫలితం అన్న విభజన మనం చేసుకొన్నదే. అజ్మలిన్ కథ మరింత విచిత్రమైనది. గుండె కణాలలోని సోడియం మార్గాలను అది అడ్డగిస్తుంది. లయ తప్పిన గుండెను దారికి తేవడానికి దానిని వాడారు. 1992లో బ్రుగాడా సోదరులు వర్ణించిన రుగ్మతను బయటపెట్టడానికి నేటికీ దానినే సిరలోకి ఎక్కించి ఇ.సి.జి. తీస్తారు. ఆ మందే ప్రాణాంతకమైన లయభంగాన్ని తెచ్చిపెట్టగలదు గనుక ప్రాణరక్షక పరికరాలు పక్కనే సిద్ధంగా ఉంచుతారు. నోటి ద్వారా తీసుకొన్న అజ్మలిన్ రక్తంలోకి తక్కువగానే చేరుతుంది గనుక, వేరుపొడి మింగిన ప్రతివారికీ అదే ముప్పు ఉందనడం అతిశయోక్తి అవుతుంది.

అసలు ముప్పు కలయికలో ఉంది. మొక్క పెరిగిన చోటును బట్టి, సేకరించిన కాలాన్ని బట్టి వేరులోని ఆల్కలాయిడ్ల పాళ్ళు మారుతాయి; చిటికెడు పొడికి నిలకడైన మోతాదు లేదు. గుండె జబ్బుకు డిజాక్సిన్ వాడేవారు రిసర్పిన్ కూడా తీసుకొంటే లయ తప్పే ప్రమాదం ఉందని వైద్యగ్రంథాలు హెచ్చరిస్తాయి. మూత్రం జారీ చేసే మాత్రల వల్ల పొటాషియం తగ్గితే డిజాక్సిన్ విషప్రభావం పెరుగుతుంది.

పాత రికార్డులలో దీని జాడ వెతకడం కష్టం. పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో ఉన్మాదానికి కారణం నమోదు చేసే ఆనవాయితీ ఉండేది. గంజాయిని కారణంగా చూపిన అటువంటి నమోదులు ఎంత నమ్మదగనివో 1893–94 నాటి గంజాయి విచారణ సంఘమే బయటపెట్టింది. ఐంథోవెన్ ఇ.సి.జి. యంత్రం 20వ శతాబ్దపు తొలి ఏళ్ళది. అంతకుముందు ఆగిపోయిన గుండె, లయ తప్పి ఆగిందో లేదో వ్రాసి ఉంచే సాధనమే లేదు. నేడు ఆ సాధనం ఉంది. కాని “మాత్రలేమైనా వాడుతున్నారా?” అని వైద్యుడు అడిగితే, వేరుపొడి వాడే మనిషి లేదనే అంటాడు. అది మాత్ర కాదు కదా!