నిప్పు ఆరాక కురిసిన మంచు

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఇంకా సొంత భవనాలు లేని రోజులవి. ఇవాళ కనిపించే దాని ఆర్ట్స్ కాలేజీ తలుపులు తెరిచింది 1939లో. 1922లోనే నిజాం విద్యాశాఖ డైరెక్టర్ రాస్ మసూద్ జపాన్ వెళ్లి, సొంత భాషలో చదువుతూ ఆ దేశం ఎలా ఎదిగిందో చూసి వచ్చారు. ఆ ప్రయాణంపై ఆయన రాసిన నివేదిక 1923లో అచ్చయింది.

జపాన్ చిత్రకారులు అంతకు ముందే మన దగ్గరికి వచ్చారు. అజంతా అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోది. 1917-18లో అరాయి కాంపో అక్కడి గోడల బొమ్మలకు నకళ్లు తీశారు. టోక్యో విశ్వవిద్యాలయంలో దాచిన ఆ నకళ్లు 1923 సెప్టెంబర్ 1 భూకంపం వెంట రేగిన మంటల్లో కాలిపోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అదే మంటల్లో చెక్క అచ్చు బొమ్మల చిత్రకారుడు కవాసే హసుయి స్కెచ్ పుస్తకాలూ, ఆయన ప్రచురణకర్త వతనబే దుకాణంలోని చెక్క అచ్చులూ బుగ్గయ్యాయి. హసుయి మళ్లీ ఊళ్లు పట్టుకు తిరిగారు. 1925లో టోక్యోలోని జోజోజీ ఆలయాన్ని వేశారు. ఎర్రటి ద్వారం, ఏటవాలుగా కొడుతున్న మంచు, గొడుగు వంచి నడిచే ఒక స్త్రీ. అంత గాలిలోనూ ఆ బొమ్మలో అలికిడి వినిపించదు. ఆయన వేసినవాటిలో నాకు దీన్ని మించింది లేదు.

ఆ మంచులోని తెలుపు పూసిన రంగు కాదు, కాగితమే. మంచు పడాల్సిన చోటల్లా చెక్కేవాడు చెక్కను తొలిచేస్తాడు. అక్కడ రంగు అంటదు. మన పెడన అద్దకంలోలాగే రంగుకో అచ్చు. తడి రంగు పూసిన అచ్చు మీద కాగితం పరిచి, వెనుక నుంచి బారెన్ అనే గుండ్రటి మెత్తతో చేత్తో రుద్దుతారు. అచ్చు మీద రంగును తడిగా తుడిచి పలచన చేస్తే సాయంకాలపు ఆకాశం చీకటి నుంచి వెలుతురులోకి జారుతుంది. గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అద్దేవాడు ఇంకొకడు. పేరు మాత్రం మొదటివాడికే మిగిలింది, అది అన్యాయమే.

ఆ మంటల్లో వతనబే దుకాణంలోని బొమ్మలు పోగొట్టుకున్న మరో చిత్రకారుడు యోషిదా హిరోషి. తర్వాత సొంత కార్ఖానా పెట్టుకుని, చెక్కేవాళ్ల పక్కన తానే నిలబడి పని చేయించారు. 1930-31 చలికాలంలో కొడుకు తోషీతో మన దేశమంతా తిరిగారు. నిజాం రాజ్యంలోని ఎల్లోరా, అజంతా గుహలు ఆ ప్రయాణం తర్వాతే చెక్క మీదకు ఎక్కాయి.