"టర్బో పోయింది" అనే ముందు: ఒక యంత్రం చరిత్ర

మన గ్రూపులో ఎక్కువగా ఉద్యమాల చరిత్ర, చట్టాల చరిత్ర రాసుకుంటాం. ఈసారి ఒక యంత్రం చరిత్ర రాస్తున్నాం. కారణం ఉంది. మనలో చాలామంది ఇళ్లల్లో అన్నో, బాబాయో ఫైనాన్స్ మీద బండి తీసి నడుపుతున్నారు. కొందరు తమ్ముళ్లు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదువుతున్నారు. బండి స్టార్ట్ అవుతుంది, కానీ కదిలాక లాగదు. ఎంత తొక్కినా పికప్ రాదు. గ్యారేజీకి పోతే కొన్నిసార్లు చూడకముందే "టర్బో పోయింది, మార్చాలి" అంటారు. ఆ ఒక్క మాటతో కొన్ని నెలల కిస్తీల డబ్బు పోతుంది. ఆ మాట ఎప్పుడు నిజమో, ఎప్పుడు కాదో తెలియాలంటే టర్బో ఎందుకు పుట్టిందో, ఎక్కడెక్కడ ఇబ్బంది పెట్టిందో తెలియాలి.

ఇంజన్‌కి డీజిల్ ఒక్కటే చాలదు, గాలి కూడా కావాలి. ఎంత గాలి లోపలికి పోతే అంత ఇంధనం సరిగ్గా కాలుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి ఒక సంగతి పట్టుకున్నాడు. సైలెన్సర్ గుండా బయటికి పోయే వేడి పొగలో బోలెడు శక్తి వృథా అవుతోంది. ఆ పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రంతో గాలిని ఇంజన్‌లోకి నెట్టిస్తే? 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కానీ పని జరిగేలా చేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920ల మధ్యలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిల్ ఇంజన్లకి టర్బో పెడితే వాటి శక్తి 1,750 హార్స్‌పవర్ నుంచి 2,500కి పెరిగింది.

ఈలోపు అమెరికాలో స్యాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు విమానాల కోసం ఇదే పని మీద ఉన్నాడు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజన్ నీరసిస్తుంది. 1918లో ఆయన ఒక విమాన ఇంజన్‌ని కొలరాడోలోని పైక్స్ పీక్ కొండ మీదికి, 14,000 అడుగుల పైకి, తీసుకెళ్లాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ అక్కడ 230కి పడిపోయింది. టర్బో తగిలించాక మళ్లీ 350 దాటింది.

ఓడా, విమానమూ ఒకే వేగంతో గంటల తరబడి పోతాయి. కారు అట్లా కాదు. ఆగాలి, కదలాలి, మలుపు తిరగాలి. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు, కానీ ముందు దానికి తగినంత పొగ అందాలి. మనం తొక్కిన క్షణానికీ, బండి లాగే క్షణానికీ మధ్య వచ్చే ఆ ఆలస్యాన్నే టర్బో ల్యాగ్ అంటారు.

1962లో అమెరికాలో టర్బో కార్లు అమ్మకానికి వచ్చాయి. వాటిలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ మనకి బాగా పనికొస్తుంది. దాని ఇంజన్ నాకింగ్ కొట్టకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని లోపలికి చిమ్మాలి. దానికి వేరే సీసా ఉండేది. చాలామంది ఓనర్లు అది నింపేవాళ్లు కాదు. సీసా ఖాళీ అయితే ఒక వాల్వు గాలి ఒత్తిడిని తగ్గించేసేది, కారు నీరసించేది. చెడ్డపేరు మాత్రం టర్బోకి వచ్చింది. 1963తో ఆ కారు ఆగిపోయింది. తర్వాత కంపెనీయే చాలా కార్లకి టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించింది.

1977లో రేసులకి వచ్చిన రెనో టర్బో కారు తరచూ పొగ కక్కి ఆగిపోతుంటే పసుపు టీ కెటిల్ అని నవ్వారు. వాళ్లు ఒక పెద్ద టర్బో తీసేసి రెండు చిన్నవి పెట్టారు, ల్యాగ్ తగ్గింది, 1979లో గెలిచారు. అదే 1977లో సాబ్ 99 టర్బో కూడా చిన్న టర్బోతోనే మామూలు రోడ్డు మీద తక్కువ ఆర్‌పీఎంలో లాగే కారు చూపించింది. తర్వాత రెక్కల కోణం మారే టర్బోలు వచ్చాయి.

మన నాన్నల కాలంలో ఏజెన్సీలో తిరిగిన కమాండర్ జీపులకి టర్బో లేదు. ఇప్పటి బొలెరోలకి ఉంది. అందుకే పాత అనుభవం ఒక్కటే సరిపోదు. చూసే వరుస ఇది:

మొదట, ఇది ల్యాగా, లోపమా? డీజిల్ బండి సుమారు 1,500 ఆర్‌పీఎం లోపు నీరసంగా ఉండి, ఆ తర్వాత లాగితే అది దాని స్వభావం. గేర్ తగ్గించి చూడాలి. 2,500 దగ్గర కూడా లాగకపోతే లోపం ఉన్నట్టు.

చలికాలం పాడేరు, లంబసింగి వైపు పొద్దున్నే ఆయిల్ చిక్కగా ఉంటుంది. వేడెక్కాక పికప్ వస్తే టర్బో బాగున్నట్టే. స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేయొద్దు. ఘాట్ ఎక్కి ఆగినప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాలి.

ఇంజన్ లైట్ వెలిగి పవర్ పడిపోతే బండి తనని తాను కాపాడుకుంటోందని అర్థం. ముందు స్కానర్ పెట్టించి కోడ్ చూడాలి.

నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టరు, ఇంటర్‌కూలర్ హోస్ పైపులు, క్లిప్పులు చూడాలి. తొక్కినప్పుడు 'ఉస్' మని శబ్దం వస్తే పైపు చిరిగి ఉండొచ్చు. సన్న వ్యాక్యూమ్ పైపు ఊడినా, రెక్కలు మసితో బిగుసుకున్నా టర్బో పనిచేయదు. డీజిల్ ఫిల్టరు మూసుకుపోయినా బండి లాగదు.

నీలం పొగ వచ్చి, ఆయిల్ తగ్గుతుంటే అప్పుడు టర్బోని అనుమానించాలి. ఇంజన్ ఆపి, చల్లారాక పైపు విప్పి చక్రాన్ని పట్టుకుని చూడాలి. పక్కలకి కొంచెం కదలడం మామూలే. ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్క గోడకి రాసుకున్నా నిజంగానే పోయినట్టు. అప్పుడు కూడా ఎందుకు పోయిందో అడగాలి. ఆయిల్ పైపు మూసుకుపోయి ఉంటే కొత్త టర్బో కూడా పోతుంది.

జెట్‌ఫైర్ ఓనర్లకి ఖాళీ సీసా సంగతి వివరించి చెప్పేవాళ్లు ఉంటే ఆ కార్లలో ఎన్నో టర్బోతోనే తిరిగేవి. మన అన్నలకి అట్లా చెప్పేవాళ్లం మనమే కావాలి. బండి నడిపే ఇంట్లోవాళ్లకి ఇది చదివి వినిపించండి. ఐటీఐ తమ్ముళ్లూ, మీ వర్క్‌షాపులో చూసినవి కింద రాయండి. జోహార్.