గ్యాస్‌ ఏజెన్సీ మారితే మిగిలేదెంత?

బండ ధరలో తేడా ఉండదు.. గడపలో వసూలు చేసే అదనం తప్పుతుంది
కంపెనీ కన్నా ముందు పంపిణీదారును మార్చుకోవడమే మేలు

ఇచ్ఛాపురం: రశీదులో ఉన్నది ఒక మొత్తం. బండ దింపిన వ్యక్తి చేతిలో పెట్టవలసి వచ్చేది మరొక మొత్తం. మేడ మెట్లు ఎక్కినందుకు కొంత, ఊరు రోడ్డుకు దూరమైనందుకు కొంత అని అడుగుతారు. ఇవ్వనంటే తరువాతి బండ ఆలస్యమవుతుందేమోనన్న భయంతో గృహిణులు మారు మాట్లాడకుండా ఇచ్చేస్తుంటారు. బండ రాని రోజుల్లో ఉద్దానం పల్లెల్లో మళ్లీ కొబ్బరి మట్టలే పొయ్యిలోకి చేరుతాయి. జీడిపప్పు పనికి వెళ్లే మహిళ బండ కోసం ఇంటి వద్ద ఆగిపోతే ఆ రోజు కూలి పోయినట్లే. సేవ బాగాలేని ఏజెన్సీని విడిచి వేరొకదానికి మారే వెసులుబాటు 2014 నుంచి ఉన్నప్పటికీ దానిని వాడుకోవాలన్న ఆలోచన చాలా ఇళ్లలో రాదు.

మారితే ఏమి మిగులుతుందన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. గృహావసరాల 14.2 కిలోల సిలిండరును ఇండేన్‌, భారత్‌గ్యాస్‌, హెచ్‌పీ గ్యాస్‌ పేర్లతో 3 ప్రభుత్వ రంగ చమురు సంస్థలు సరఫరా చేస్తున్నాయి. ఒకే ఊరిలో ఈ మూడింటి ధర దాదాపు ఒక్కటే. జిల్లాకు జిల్లాకు కనిపించే స్వల్ప తేడా గ్యాస్‌ నింపే కేంద్రం నుంచి రవాణాకయ్యే ఖర్చు వల్ల వచ్చేదే కాని కంపెనీల పోటీ వల్ల వచ్చేది కాదు. కాబట్టి ఫలానా కంపెనీకి మారితే బండ చవకగా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవలసిన పని లేదు.

ఆదా అంతా గడప వద్దే ఉంది. పంపిణీదారుకు కంపెనీ ఇచ్చే కమీషన్‌లో ఏజెన్సీ నిర్వహణ ఖర్చు ఒక భాగం, ఇంటికి చేర్చే ఖర్చు మరొక భాగం. ఈ రెండూ బండ ధరలోనే కలిసి ఉంటాయి. ఏజెన్సీ పరిధిలోని ఇంటికి బండ చేర్చినందుకు రశీదులో లేని రూపాయి అడిగే హక్కు ఎవరికీ లేదు. మరో సంగతి ఏమిటంటే, వినియోగదారు స్వయంగా గోదాముకు వెళ్లి బండ తెచ్చుకుంటే డెలివరీ ఛార్జీని బిల్లులో తగ్గించాలి. అడగనిదే ఈ తగ్గింపు ఇచ్చే చోట్లు తక్కువ. బండకు 50 రూపాయల చొప్పున అదనంగా ఇస్తూ ఏడాదికి 8 బండలు వాడే కుటుంబం నష్టపోయేది 400 రూపాయలు. గోదాముకు ఆటో కట్టించుకొని వెళ్లవలసి వస్తే ఆ ఖర్చు వేరు.

పల్లెల్లో ఒక చిక్కు ఉంది. 2009లో ప్రారంభమైన రాజీవ్‌గాంధీ గ్రామీణ వితరక్‌ ఏజెన్సీలు గోదాము వద్దనే బండ ఇచ్చే పద్ధతిలో ఏర్పడ్డాయి. అటువంటి ఏజెన్సీ కింద ఉన్నవారు ఇంటికి తేలేదని ఫిర్యాదు చేసే ముందు తమది ఏ తరహా ఏజెన్సీయో తెలుసుకోవాలి.

రెండు దారులు

మొదటిది, కంపెనీ మారకుండా పంపిణీదారును మాత్రమే మార్చుకోవడం. కంపెనీ వెబ్‌సైటులో నమోదై, తమ చిరునామాకు సరఫరా చేసే ఏజెన్సీల జాబితాను చూడాలి. బుక్‌ చేసిన ఎన్ని రోజులకు బండ చేరుస్తున్నారన్న దానిని బట్టి ఏజెన్సీలకు నక్షత్రాల రేటింగు ఇస్తారు. దానిని చూసి కోరుకున్న ఏజెన్సీని ఎంచుకోవచ్చు. సిలిండరు, రెగ్యులేటరు పాతవే ఉంటాయి, కాగితాలు మాత్రమే మారతాయి. రుసుము లేదు.

రెండవది, కంపెనీనే మార్చుకోవడం. సిలిండరు, రెగ్యులేటరు కంపెనీ సొత్తు కాబట్టి వాటిని పాత ఏజెన్సీకి అప్పగించాలి. కనెక్షన్‌ తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్‌ తిరిగి ఇస్తారు. పోర్టబిలిటీ కింద వెళ్లినవారు ఆ మొత్తాన్నే కొత్త ఏజెన్సీకి చెల్లిస్తే చాలు. అదనపు డిపాజిట్‌ కట్టనక్కరలేదు.

తెలియక నష్టపోయేది ఇక్కడే. పోర్టబిలిటీ దరఖాస్తు చేయకుండా పాత కనెక్షన్‌ను రద్దు చేసుకొని మరో కంపెనీలో కొత్తగా చేరితే నేటి డిపాజిట్‌ కట్టాలి. 2022 జూన్‌లో సిలిండరు డిపాజిట్‌ను 1,450 నుంచి 2,200 రూపాయలకు, రెగ్యులేటరు డిపాజిట్‌ను 150 నుంచి 250 రూపాయలకు పెంచారు. ఎప్పుడో ఏళ్ల క్రితం తక్కువ మొత్తం కట్టిన వారికి ఆ పాత మొత్తమే తిరిగి వస్తుంది. మిగిలిన తేడా జేబులోంచి పోతుంది. ఏడాదికి నాలుగు వందలు మిగుల్చుకోవడానికి వెళ్లి ఒక్కసారే అంతకు మించి వదులుకున్నట్లవుతుంది.

దీపం, ఉజ్వల పథకాల కింద కనెక్షన్‌ పొందిన మహిళలకు డిపాజిట్‌ను ప్రభుత్వమే భరించింది. కనెక్షన్‌ వదులుకున్నా ఆ సొమ్ము వారి చేతికి రాదు. వీరు కంపెనీ జోలికి పోకుండా పంపిణీదారును మార్చుకోవడంతో సరిపెట్టుకోవడం క్షేమం. డిపాజిట్‌ పత్రం, వినియోగదారు పుస్తకం చేతిలో ఉంటే మార్పు సులువుగా సాగుతుంది. చాలామంది ఇళ్లలో ఇవి ఇనుప పెట్టె అడుగునో, పెళ్లయి వెళ్లిన కుమార్తె వద్దనో ఉంటాయి. వెతికి దగ్గర పెట్టుకున్న తరువాతే దరఖాస్తు చేయాలి.

రాయితీ ఆగకుండా..

రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు ఇచ్చే దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న ఇచ్ఛాపురం నియోజకవర్గంలోని ఈదుపురంలోనే ప్రారంభించింది. వినియోగదారు ముందుగా పూర్తి ధర చెల్లిస్తే గ్రామాల్లో 48 గంటల్లో బ్యాంకు ఖాతాలో జమ చేయాలన్నది ప్రారంభంలో నిర్దేశించిన పద్ధతి. ఏజెన్సీ మారినప్పుడు వినియోగదారు సంఖ్య మారుతుంది. కొత్త ఏజెన్సీలో ఆధార్‌ అనుసంధానం, ఈ-కేవైసీ పూర్తయ్యాయో లేదో చూసుకోకుండా బండ బుక్‌ చేస్తే రాయితీ సొమ్ము కోసం తిరగవలసి వస్తుంది. రాయితీ బండ మధ్యలో ఉండగా మారడం కన్నా, ఆ సొమ్ము ఖాతాలో పడిన తరువాత మారడం మంచిది.

మారడానికి వేరే ఏజెన్సీయే లేని మండలాలు ఉన్నాయి. అక్కడ పోర్టబిలిటీ కాగితం మీది హక్కే. అటువంటి చోట రశీదు అడిగి తీసుకోవడం, బండను తూకం వేయించడం, ఫోనుకు వచ్చిన డెలివరీ కోడ్‌ను బండ చేతికి అందాకే చెప్పడం వినియోగదారు చేతిలో ఉన్న ఆయుధాలు. తూకం యంత్రం తేవలసిన బాధ్యత డెలివరీ సిబ్బందిదే. ఏ కంపెనీ బండనైనా ఏ ఏజెన్సీ నుంచైనా నింపించుకునే విధానంపై పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి 2025లో అభిప్రాయాలు కోరింది. అది అమలైతే ఒకే కంపెనీ ఉన్న ఊళ్లకు ఊరట కలుగుతుంది.

కరెంటు సంగతి వేరు

గ్యాస్‌లో ఉన్నపాటి వెసులుబాటు కూడా విద్యుత్తులో లేదు. శ్రీకాకుళం జిల్లా గృహ వినియోగదారులకు తూర్పు ప్రాంత విద్యుత్‌ పంపిణీ సంస్థ తప్ప వేరొకటి లేదు. ముంబయిలో మాత్రం ఒకే ప్రాంతంలోని ఇళ్లు రెండు సంస్థల్లో ఒకదానిని ఎంచుకోగలుగుతున్నాయి. దేశమంతటా ఇటువంటి పోటీకి వీలు కల్పించే సవరణ బిల్లును 2022 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టి స్థాయీ సంఘానికి పంపారు. 2024లో సభ రద్దుతో అది మురిగిపోయింది.

ఫిర్యాదు ఎక్కడ?: అదనపు వసూలు, ఆలస్యం, తూకంలో తేడాపై 3 కంపెనీలకూ ఉమ్మడిగా ఉన్న 1800-233-3555కు ఉచితంగా ఫోను చేయవచ్చు. దీపం-2 సొమ్ము జమ కాకపోతే పౌర సరఫరాల శాఖ నంబరు 1967. గ్యాస్‌ లీకైతే మాత్రం ఈ రెండింటికీ కాక 1906కు చేయాలి.